పార్క్‌లో వలస పక్షులు నాకెందుకు కనబడట్లేదు?

ప్రశ్న: వసంతకాలంలో సిటీ పార్కుల్లోకి కూడా వలస పక్షులు వస్తాయని విని వారం నుంచి రోజూ సాయంత్రం ఆఫీసయ్యాక పార్క్‌కి వెళ్తున్నానండి, కాకులు పావురాలు తప్ప ఏమీ లేవు. చెట్టుపైన ఏదో కదిలినట్టుంటుంది, చూసేలోపు మాయం. పెద్ద కెమెరా కొనాలా? ఇంకొకటి, ఒకాయన ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలుస్తున్నారు, నేనూ అలా చెయ్యొచ్చా?

జవాబు: కెమెరా సంగతి తర్వాత, ముందు మీరు వెళ్ళే టైం మార్చండి. చిన్న పిట్టలు చాలావరకు రాత్రిళ్ళే ప్రయాణం చేస్తాయి, గాలి చల్లగా నిలకడగా ఉంటుంది, డేగల బెడద తక్కువ, పైగా చుక్కల్ని బట్టి దారి పోల్చుకుంటాయి (1960ల్లో స్టీఫెన్ ఎమ్లెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇండిగో బంటింగ్ అనే పిట్టల్ని, పైకప్పు మీద నక్షత్రాల ఆకాశం చూపించే ప్లానెటేరియంలో పెట్టి, ధ్రువనక్షత్రం చుట్టూ ఉన్న చుక్కల్ని చూసి దిక్కు తెలుసుకుంటాయని తేల్చారు, ఎప్పుడు తల్చుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది). తెల్లారేసరికి కింద అంతా కాంక్రీటు, మధ్యలో ఓ పచ్చటి ముక్క, అదే మీ పార్క్. రాత్రంతా ఎగిరి ఆకలితో దిగుతాయి కదా, అందుకే పొద్దున్నే మొదటి రెండు మూడు గంటలు తెగ తింటాయి. రాత్రి అవి వెళ్ళే వైపుకి గాలి వీచి, తెల్లవారుజామున వాన అడ్డం పడిందా, నిద్ర మానుకునైనా వెళ్ళండి, ముందుకి పోలేక గుంపులుగా దిగిపోతాయి.

వెళ్ళాక పార్కంతా తిరగొద్దు. కొత్త చిగుళ్ళున్న ఒక్క చెట్టు దగ్గర, నీళ్ళ పక్కనైతే మరీ మంచిది, పది నిమిషాలు కదలకుండా నిలబడండి. గాలి లేకపోయినా ఒక ఆకు ఊగుతుంది, చూపు అక్కడే పెట్టండి. విల్లో వార్బ్లర్ అని ఓ పిట్ట, పది గ్రాములుంటుందేమో అంతే, సహారా ఎడారి దాటి ఉత్తరానికి పోయే పిట్ట అది, రెమ్మ చివర్న వేలాడుతూ ఆకు అడుగునున్న సన్న పురుగుని ముక్కుతో లాగేసి, రెక్కలు ఒక్కసారి విదిలించి పక్క కొమ్మకి గెంతుతుంది. ఇదంతా రెండు సెకన్లలో అయిపోతుంది.

కొనాలనుకుంటే కెమెరా కాదు, 8 ఇంటూ 42 బైనాక్యులర్స్ కొనండి (8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందున్న అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని). పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌నే కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి, కిందకి చూసి సర్దుకుని ఎత్తేలోపు అది ఉండదు.

ఫోన్‌లో కూత పెట్టడం మాత్రం వద్దండి, దయచేసి. పోటీకి ఇంకోటి వచ్చిందనుకుని అది తిండి మానేసి వెతుకుతుంది, దానికి ఒంట్లో కొవ్వే పెట్రోలు, ఆ రాత్రే మళ్ళీ బయల్దేరాలి కూడానేమో. మెర్లిన్ యాప్‌తో కూత విని పేరు తెలుసుకోండి, అది తప్పు కాదు, కానీ యాప్ చెప్పిన పిట్టని కళ్ళతో చూశాకే రాసుకోండి.

మే నెల రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినం. ఆ పొద్దున మెళ్ళో బైనాక్యులర్స్ వేసుకున్నవాళ్ళు కనబడితే మొహమాటపడకుండా పక్కన నిలబడండి, ఎటు చూడాలో వాళ్ళే చూపిస్తారు.