సముద్రం పక్కన చదువుకు వెళ్తున్నారా? పంచాంగం వెంట పెట్టుకోండి

హనుమకొండలో బీటెక్ ముగించి సెప్టెంబరులో బ్రిటన్‌లో వేల్స్‌ ప్రాంతంలోని స్వాన్సీకి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్తున్నానని, సముద్రాన్ని ఒకే ఒక్కసారి విశాఖ విహారయాత్రలో చూశానని, అక్కడ కుదురుకోవడానికి ఏం తెలుసుకోవాలని అడిగారు. నాది నర్సంపేట. మీరు వెళ్లే స్వాన్సీలోనే చదువుకు ఒక ఏడాది, ఉద్యోగానికి మరో ఏడాది ఉన్నాను. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు లాంటివి కన్సల్టెన్సీ వాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది సముద్రం సంగతి.

మనం చెరువుల పక్కన పెరిగినవాళ్లం. మా పాకాల చెరువు 800 ఏళ్లుగా ఉన్నచోటే ఉంది. వానాకాలం మత్తడి దూకుతుంది, ఎండాకాలం కాస్త లోపలికి జరుగుతుంది, అంతే. పొద్దున చూసిన నీళ్లు మధ్యాహ్నానికి కనిపించకుండా పోతాయన్న ఊహే మనకు రాదు. నేను వెళ్లిన మొదటి వారం యూనివర్సిటీ ఎదురుగా రోడ్డు దాటి చూస్తే ఇసుక, బురద తప్ప ఏమీ లేదు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయనను సముద్రం ఇక్కడికి ఎంత దూరమని అడిగాను. ఆయన నవ్వకుండా గడియారం చూసుకుని, "ఆరున్నరకు వచ్చేస్తుంది, బస్సు కంటే నమ్మకం" అన్నాడు.

స్వాన్సీ ఉన్న బ్రిస్టల్ చానల్ ప్రపంచంలోనే అతి పెద్ద ఆటుపోట్లు వచ్చే చోట్లలో ఒకటి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీటిమట్టం తేడా 8 మీటర్లు మించుతుంది. రెండంతస్తుల ఇల్లు మునిగి తేలినంత. సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వచ్చి కలిసి లాగడం వల్ల అలా జరుగుతుంది. అష్టమి సమయానికి ఇద్దరూ చెరో దిక్కుకు లాగుతారు కాబట్టి తేడా తగ్గుతుంది. పోటు, అంటే నీళ్లు నిండుగా వచ్చిన సుమారు ఆరుంపావు గంటలకు ఆటు, అంటే నీళ్లు పూర్తిగా వెనక్కి పోతాయి. మర్నాడు అదే పోటు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఫోనులో ఆటుపోట్ల పట్టిక పెట్టుకోండి. తిథులు తెలిసిన ఇంటి నుంచి వెళ్తున్నారు కాబట్టి మీకది తొందరగా అర్థమవుతుంది. మా నాన్న పంపిన గోడ క్యాలెండరు నాకు తేదీల కంటే సముద్రానికే ఎక్కువ పనికొచ్చింది.

ఇదంతా సరదాకు చెప్పడం లేదు. స్వాన్సీ వైపే ఉన్న రొసిలి అనే ఊరి దగ్గర వర్మ్స్ హెడ్ అని కొండ ముక్క ఒకటి సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది. ఆటుకు ముందు రెండున్నర గంటలు, తర్వాత రెండున్నర గంటలు మాత్రమే రాళ్ల మీదుగా దానికి నడిచి వెళ్లగలం. మేం ఐదుగురం పులిహోర డబ్బాలతో వెళ్లి, ఫొటోల్లో పడి, ఇంకా ఇరవై నిమిషాలే ఉందనగా లేచాం. తిరిగి వస్తుంటే వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న రాళ్ల మధ్య నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. అలలు ఎదురుగా రాలేదు, రెండు పక్కల నుంచీ చప్పుడు లేకుండా నిండాయి. చెరువులో ఈత వచ్చినవాళ్లకు సముద్రమూ వచ్చినట్టే అనుకోకండి. లైఫ్‌గార్డులు పాతే ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. ఎవరైనా చిక్కుకుంటే 999కు ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.

ఇక గది. కిటికీలోంచి సముద్రం కనిపించే గదికి అద్దె ఎక్కువ. నన్నడిగితే వద్దు. అక్కడ చలి కంటే గాలి, తేమ బాధిస్తాయి. గొడుగు నాలుగు రోజులు కూడా ఆగదు, టోపీ ఉన్న వానకోటు కొనుక్కోండి. తేమ సంగతి నాకు సకినాలు చెప్పాయి. సంక్రాంతి కాకపోయినా అమ్మ రెండు కిలోలు చేసి అట్టపెట్టెలో సర్దింది. ఐదో రోజు ఒకటి తీసి విరిస్తే విరగలేదు, వంగింది. నువ్వుల వాసన, వాము ఘాటు అలాగే ఉన్నాయి, కరకర మాత్రం పోయింది. వాటిని ఓవెన్‌లో సన్నని వేడి మీద పది నిమిషాలు ఉంచితే మళ్లీ దారికొచ్చాయి. మీరు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లో తీసుకెళ్లండి.

అదే తేమ గోడలకూ పడుతుంది. చలికాలం కిటికీలు మూసి, ఉతికిన బట్టలు హీటరు మీద ఆరేస్తే రెండు నెలల్లో మంచం వెనక గోడ నల్లగా బూజు పడుతుంది. నాకు పట్టింది. ఇల్లు ఖాళీ చేసే రోజు యజమాని ఆ బూజు పేరు చెప్పి అడ్వాన్సులో పెద్ద ముక్క కోశాడు. చేరిన రోజే గోడలన్నిటికీ ఫొటోలు తీసి ఉంచకపోవడం నా తప్పు. మీరు తీయండి. కట్టిన అడ్వాన్సును 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ పథకంలో పెట్టాలని అక్కడి చట్టం. ఆ రసీదు అడగడానికి మొహమాటపడకండి. వంట చేసినప్పుడు, స్నానం చేశాక చలైనా సరే కాసేపు కిటికీ తెరవండి.

పార్ట్‌టైమ్ పని మీద పెట్టుకున్న లెక్క ఒకసారి సరిచూసుకోండి. తీరపు ఊళ్లలో కాఫీ హోటళ్లు, ఐస్‌క్రీమ్ దుకాణాలు ఎండాకాలం మనుషుల కోసం వెతుకుతాయి. మీరు దిగేది సెప్టెంబరు చివర, అంటే వాళ్లు మనుషులను తగ్గించుకునే వేళకు. నాకు మొదటి పని ఫిబ్రవరిలో దొరికింది. దొరికినా తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలే చేయాలి. కనీసం నాలుగైదు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోకుండా విమానం ఎక్కకండి. మా సీనియర్లు చెప్పిన "వెళ్లగానే దొరుకుతుంది" అన్న మాట నమ్మి నేను రెండు నెలలు గుడ్లతో, అన్నంతో గడిపాను.

ఆరోగ్యానికి వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున కట్టించుకుంటారు కాబట్టి వెళ్లిన వారంలోనే దగ్గరి డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోండి. వేల్స్‌లో డాక్టరు రాసిన మందులకు డబ్బు తీసుకోరు. డిసెంబరులో నాలుగింటికల్లా చీకటి పడుతుంది. దిగులు అప్పుడు పట్టుకుంటుంది. మన ఊళ్లో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, ఇంట్లో ఇంకా మేలుకునే ఉంటారు, ఆ సమయానికి ఫోను చేయడం అలవాటు చేసుకోండి.

మీరు దిగిన కొద్ది రోజులకే బతుకమ్మ వస్తుంది. తంగేడు, గునుగు దొరకవు. దుకాణంలో చామంతులు దొరుకుతాయి, వాటితోనే పేర్చాం. ఎంగిలిపూల నాడు సాయంత్రం ఏడింటికి వెళ్తే నీళ్లు గోడ దాకా ఉన్నాయి, చక్కగా వదిలి వచ్చాం. సద్దుల నాడు రెండింతల పెద్ద బతుకమ్మను నెత్తిన పెట్టుకుని అదే సమయానికి వెళ్తే సముద్రం లేదు. ఎనిమిది రోజుల్లో పోటు వేళ ఆరున్నర గంటలకు పైగా జరిగిందని మాకేం తెలుసు? నీళ్ల కోసం నడుచుకుంటూ వెళ్తే నా కుడి చెప్పు బురదలో ఉండిపోయింది. చీకటి పడుతుంటే గట్టు మీద నుంచి ఎవరో వెనక్కి రమ్మని కేకలు వేశారు. చివరికి ఒక నీటిగుంటలో వదిలేసి వచ్చాం.

మరుసటి ఏడాది పట్టిక చూసుకుని సద్దుల బతుకమ్మను మధ్యాహ్నమే ఆడాం. అష్టమి నాడు అక్కడ పోటు ఒంటిగంట ప్రాంతంలో వస్తుంది. నీళ్లు వెనక్కి తిరగడం మొదలయ్యాక వదిలితే పూలు ఒడ్డుకు తిరిగి రావన్న లెక్క కూడా వేశాం. పళ్లెం చేతిలోనే ఉంచుకుని పూలు మాత్రం నీళ్లలోకి జార్చాం. వరుస విడిపోకుండా కొంత దూరం పోయాయి. తర్వాత అందరం గోడ మీద కూర్చుని నువ్వుల సత్తు పంచుకుంటే, అందులో సగం గాలికి ఎగిరి నా స్వెటరు మీదే పడింది.