కలుపు పీకి గంధం మొక్కలను చంపుకున్నాను

"మొక్కల ఆవరణ వ్యవస్థలో నేల, నీరు, ఎండ ముఖ్యమా, చుట్టూ ఉండే జీవులు ముఖ్యమా?" అని అడిగారు. పరీక్ష కోసం అడిగి ఉంటే నా జవాబు రాయకండి, మార్కులు రావు. పొలం కోసమైతే చదవండి.

మాది కళ్యాణదుర్గం వైపు. ఎర్రటి గరుసు నేల. నైరుతి వానలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య వానలు కోస్తా దాటి మా దాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఆ మిగులూ ఈ మిగులూ కలిపి మా అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. అందుకని మా ఊళ్లో ఏ చెట్టు చచ్చినా నేరం వాన మీదే వేస్తాం. నేనూ అలాగే వేసేవాణ్ణి.

కొన్నేళ్ల కిందట ఎకరంలోపు చెక్కలో 150 శ్రీగంధం మొక్కలు నాటాను. (ఎర్రచందనం కాదు. ఈ మాట బంధువులందరికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. ఎర్రచందనం చిక్కుడు కుటుంబపు చెట్టు, దీనికీ దానికీ చుట్టరికమే లేదు. అయినా ఇప్పటికీ మా బావ పోలీసులు వచ్చారా అని అడుగుతూనే ఉంటాడు.) నర్సరీ నుంచి వచ్చిన ప్రతి సంచిలోనూ గంధం మొక్క పక్కన పొన్నగంటి కూర గుబురుగా ఉంది. వాళ్ల బద్ధకం అనుకున్నాను. నాకు కలుపంటే మొదటి నుంచీ గిట్టదు, పాదు ఊడ్చిన వాకిలిలా ఉండాలి. కూలికి వచ్చిన ఆమె "ఆ ఆకు ఉండనివ్వండి సార్, ఎందుకో పెట్టి ఉంటారు" అంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆమె చెబితే వింటానా? దగ్గరుండి అంతా పీకించాను. సాయంత్రానికి గంపెడు ఆకు అయింది. ఆమే తీసుకెళ్లి పప్పులో వేసుకుంది. ఆ ఏడాది ఆ చెక్క మీద ఎవరికైనా ఫలసాయం దక్కిందంటే అదొక్కటే.

నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కాయి. డ్రిప్పు పెంచాను, ఇంకా వాడిపోయాయి. ఎరువుల దుకాణంలో ఆకు వైపు చూడకుండానే సూక్ష్మపోషకాల పొట్లాలు చేతిలో పెట్టారు. మా వైపు ఏ రోగానికైనా అదే మందు. మట్టి పరీక్ష కూడా చేయించాను. కాగితంలో అంతా బాగుంది, చేలో మొక్కలే బాగాలేవు. వేసవి దాటేసరికి మిగిలినవి 11. అన్నీ గట్టు వారనే ఉన్నాయి.

గట్టు మీద పాత కానుగ చెట్లున్నాయి. బతికిన మొక్క పక్కన గునపంతో మెల్లగా తవ్వి చూశాను. గంధం వేరు వెతుక్కుంటూ వెళ్లి కానుగ వేరును పట్టుకుంది. పట్టుకున్న చోట చొక్కా గుండీ లాంటి చిన్న బొడిపె. లాగితే వేరు తెగింది కానీ ఆ గుండీ ఊడలేదు.

గంధం సగం పరాన్నజీవి. ఆకులున్నాయి కనుక అన్నం తానే వండుకుంటుంది, నీళ్లూ ఉప్పులూ మాత్రం పక్కింటి వేరు నుంచి లాక్కుంటుంది. మామిడి కొమ్మల మీద బదనికను చూసి ఉంటారు. అది కొమ్మ మీద చేసే పనే ఇది నేల కింద చేస్తుంది. వృక్షశాస్త్రం లెక్కలో రెండూ ఒకే క్రమానివి, అంటే దగ్గరి కుటుంబాలన్నీ కలిసిన ఒకే గుంపువి. పసితనంలో దానికి పొన్నగంటి దాది, కాస్త ఎదిగాక కంది, ఆ తర్వాత కానుగో సరుగుడో తోడుండాలి. నేను నాటిన రోజే దాదిని పప్పులోకి పంపాను.

ఇప్పుడు చెప్పండి, నా పొలంలో నీళ్లు లేకనా? ఉన్నాయి. అందించే చెయ్యి లేదు. పుస్తకాల్లో ఒక పక్క నేల, నీరు, గాలి, మరో పక్క పురుగు, పశువు, మనిషి అని రాసి మధ్యలో నిలువు గీత గీస్తారు. నేనూ నల్లబల్ల మీద ఏళ్ల తరబడి ఆ గీత గీశాను. ఇప్పుడైతే గీయను. మా నేలలో నీళ్లు కూడా ఒక వేరు నుంచి ఇంకో వేరుకు చేతులు మారతాయి.

మొక్కలు నాటే కార్యక్రమాల వాళ్లను చూస్తే అందుకే ఒళ్లు మండుతుంది. ముందు యంత్రంతో కంపలన్నీ పెరికేసి, బోడి నేలలో వరసగా గుంతలు తీసి, ఫొటో దిగి వెళ్తారు. ఈ ఎండల్లో లేత మొక్కకు నీడనిచ్చేదీ, మేకల నోటికి అందకుండా కాసేదీ, రాలిన ఆకుతో నేల తడిని పట్టి ఉంచేదీ ఆ ముళ్లకంపే. వేరుశనగ మోజులో మేమే గట్ల మీది చెట్లన్నీ కొట్టుకున్నాం, ఇక వాళ్లను అని ఏం లాభం.

ఆ పదకొండింటిలో నాలుగు కాపుకొచ్చాయి. నల్లటి పండ్లు, కోకిలలూ పికిలి పిట్టలూ వదలవు. ఈ ఏడు గట్టు మీద రేగు కంప నడుమ ఒక గంధం మొక్క మొలిచి ఉంది. నేను నాటలేదు, డ్రిప్పు లేదు, పొట్లాలు లేవు, అప్పుడే మోకాలెత్తు అయింది. మొన్న గట్టు శుభ్రం చేస్తామని కొడవళ్లతో ఇద్దరు వస్తే, టీ తాగించి పంపేశాను.