కన్వర్టర్ కొనేముందు క్యామ్ కార్డు తీయండి

ప్రశ్న: నమస్కారం సార్. నా దగ్గర 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396 కారు ఉంది. 350 హార్స్‌పవర్ ఇంజన్, టర్బో 400 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఈమధ్యే కాస్త పెద్ద క్యామ్ (ఇంజన్ వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) వేయించాను. వెనక యాక్సిల్ రేషియో 3.73, టైర్ల ఎత్తు 28 అంగుళాలు. 6,000 ఆర్పీఎం దగ్గర గేరు మారుస్తాను. ఎనిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో క్వార్టర్ మైల్ పరిగెత్తిస్తాను, ఆదివారాలు పిల్లల్ని ఎక్కించుకుని బయటికీ వెళ్తాను. ఒక ఫ్రెండ్ 5,000 స్టాల్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) వేసేయమంటాడు, ఇంకొకాయన 2,400 దాటొద్దంటాడు. ఏది కొనను?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: 5,000 వద్దే వద్దు. 2,400 పెడితే, పై ఆర్పీఎంలలో బలమిచ్చే పెద్ద క్యామ్‌కి పెట్టిన డబ్బు దండగ. మీ బండికి 3,400–3,600 మధ్య పని చేసే 10 అంగుళాల కన్వర్టర్ చూడండి.

డబ్బా మీద రాసిన స్టాల్ అంకె కన్వర్టర్ ఒక్కదానిదే కాదు. బండి కదలకుండా పట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ ఎక్కడ ఇక పైకి పోలేక ఆగుతుందో అదే స్టాల్. ఇంజన్ బలం పెరిగితే అదే కన్వర్టర్ ఇంకా పైన ఆగుతుంది. టార్క్ (ఇంజన్ తిప్పే బలం) నాలుగింతలైతే స్టాల్ రెండింతలని లెక్క. 300 పౌండ్-అడుగుల టార్క్ ఉన్న చిన్న వీ8 వెనక 2,800 దగ్గర ఆగే కన్వర్టర్, కంపెనీ లెక్కలోనే 415 ఉన్న మీ బిగ్‌బ్లాక్ (పెద్ద వీ8) వెనక 3,300 దాకా పోతుంది. ఫ్రెండ్ బండిలో చూసిన అంకెను నమ్మి కొనొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

ఇక మీ గేర్లు చూడండి. టర్బో 400లో ఫస్ట్ 2.48, సెకండ్ 1.48, థర్డ్ 1. 6,000 దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారితే ఇంజన్ సుమారు 3,580కి, సెకండ్ నుంచి థర్డ్‌కి మారితే 4,050కి పడుతుంది. అంటే రేసులో ఇంజన్ తిరిగేదంతా 3,500కి పైనే. బయల్దేరడం కూడా అక్కడి నుంచే కావాలి. 5,000 పెడితే టార్క్ బాగా ఉన్న భాగమంతా దాటేసి, ఆ శక్తి ఆయిల్‌ని మరిగించడానికే పోతుంది. టెక్సస్ ఎండలో సిగ్నల్ దగ్గర ఆగి ఆగి వెళ్లే బండికి అది నరకం.

3,500 స్టాల్ అంటే అంతదాకా బండి కదలదని భయపడకండి. మెల్లగా తొక్కితే మామూలుగానే కదులుతుంది. 65 మైళ్ల వేగంలో మీ ఇంజన్ ఎలాగూ 2,900 దగ్గర తిరుగుతుంది, కొద్దిగా స్లిప్ (కన్వర్టర్ జారడం) కలుస్తుంది, అంతే. కానీ గేర్‌బాక్స్ ఆయిల్‌కి రేడియేటర్‌లోని కూలర్‌నే నమ్ముకోకుండా విడిగా ఒకటి పెట్టించండి, ఆయిల్ టెంపరేచర్ గేజ్ కూడా.

వేయించాక బ్రేక్ తొక్కి స్టాల్ కొలవొద్దు. వెనక చక్రాలు ముందే జారిపోతాయి, తక్కువ అంకె కనిపిస్తుంది. లాంచ్‌లో, అంటే రేసు మొదలై బండి దూకినప్పుడు, ఆర్పీఎం ముల్లు ఎక్కడికి ఎగిరిందో చూడండి. తర్వాత ఫినిష్ లైన్ దగ్గర చూడండి. 100 మైళ్ల వేగంలో స్లిప్ లేకుంటే మీ ఇంజన్ 4,480 తిరగాలి. 4,750 కనిపిస్తే స్లిప్ 6 శాతం లోపే, బాగున్నట్టు. 5,000 చూపిస్తే కన్వర్టర్ లూజు.

బిగించేటప్పుడు దగ్గరుండండి. కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి తోస్తే మూడు మెట్లు దిగుతుంది: ఇన్‌పుట్ షాఫ్ట్, స్టేటర్ షాఫ్ట్, చివరికి పంప్ గేర్. మూడోది దిగకుండానే గేర్‌బాక్స్‌ని బోల్టులతో ఇంజన్‌కి లాగారంటే స్టార్ట్ చేసిన క్షణానే పంప్ పగులుతుంది. గేర్‌బాక్స్ బిగించాక కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి, ఇంజన్ వెనక ఉండే ఫ్లెక్స్‌ప్లేట్‌కీ దానికీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు లేకపోతే విప్పించండి, మొహమాటపడకండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు స్టాల్ అంకె అడగకండి. మీతో సహా బండి బరువు, యాక్సిల్ రేషియో, టైరు ఎత్తు, గేరు మార్చే ఆర్పీఎం, క్యామ్ కార్డు (క్యామ్‌తో వచ్చే కొలతల చీటీ) ఇచ్చి కట్టమనండి. మీరు క్యామ్ వివరాలు రాయలేదు కాబట్టి నేను చెప్పిన అంకె 200 అటూ ఇటూ కావచ్చు. కార్డు ఫోటో పంపితే ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.