రెప్పల ఆపరేషన్‌ను ‘అందం కోసం’ అంటూ క్లెయిమ్ కొట్టేశారు

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మకు 61 ఏళ్లు, బట్టలు కుడుతుంది. రెండు రెప్పలూ కంటిపాపల మీదికి జారిపోయి, సూదిలో దారం ఎక్కించాలన్నా తల వెనక్కి వాల్చాల్సి వచ్చేది. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. కాస్మెటిక్ సర్జరీ అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వనంది. మూడు వారాలైనా నిద్రలో ఒక కన్ను కాస్త తెరిచే ఉంటోంది. డాక్టర్ మీద కూడా కేసు వేయొచ్చా?

జవాబు: ముందు కంపెనీ సంగతి. పాలసీలో మినహాయింపుల దగ్గర ‘ఎక్స్‌క్లూజన్ 08’ తీసి చదవండి. రూపం మార్చుకునే చికిత్సకు డబ్బు ఇవ్వరని ఉంటుంది. మీ వాదన ఇక్కడే మొదలవ్వాలి: అమ్మగారికి చేసింది రూపం మార్చే చికిత్స కాదు, చూపుకు అడ్డం తీసేసిన చికిత్స. కాబట్టి ఆ క్లాజు ఆమెకు వర్తించదు. అదే క్లాజులో, ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ఉన్న ముప్పు తొలగించడానికి అవసరమని చికిత్స చేసిన డాక్టర్ ధ్రువీకరిస్తే ఈ మినహాయింపు వర్తించదని కూడా రాసి ఉంటుంది. చాలామంది ఈ రెండో దాన్నే పట్టుకుంటారు. ‘తక్షణ ముప్పు ఏముంది?’ అని కంపెనీ అడిగితే ఇబ్బంది పడతారు. నేనైతే మొదటి వాదననే ముందు పెడతాను.

దానికి కాగితాలే బలం. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫొటోలు, విజువల్ ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత మేర అందుతోందో కొలిచే పరీక్ష) రిపోర్టు, రెప్ప పాపను ఎంత కప్పిందో కొలిచి రాసిన ఓపీ చీటీ సంపాదించండి. డిశ్చార్జి సమ్మరీలో ఉత్త ‘బ్లెఫరోప్లాస్టీ’ (రెప్పల మీది అదనపు చర్మం తీసే ఆపరేషన్, అందం కోసమూ చేస్తారు) అని ఉంటే కంపెనీ పట్టుకునేది దాన్నే. రెప్పను ఎత్తే కండరాన్ని సరిచేసి ఉంటే ఆ విషయం డాక్టర్‌తో విడిగా రాయించుకోండి. జరగనిది మాత్రం రాయించొద్దు.

ఇవన్నీ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్లకు అక్కడ పనీ లేదు (మా వాళ్లకు ఇది అంత ఇష్టమైన సంగతి కాదు). అంబుడ్స్‌మన్ ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కంపెనీ కట్టుబడాలి. వద్దనుకుంటే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపైతే అక్కడా ఫీజు ఉండదు. రెండుచోట్లా ఒకేసారి నడపడం కుదరదు.

ఇక డాక్టర్ విషయం. కండరాన్ని బిగించాక కొన్ని వారాలు రెప్ప పూర్తిగా మూసుకోకపోవడం మామూలే. చుక్కలు, రాత్రిపూట ఆయింట్‌మెంట్ మానకండి. నొప్పి, ఎరుపు, మసక కనిపిస్తే మాత్రం అదే రోజు చూపించండి. ఫలితం అనుకున్నట్టు రాకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ కేసులో 2005లోనే చెప్పింది. అయితే ఈ ఇబ్బంది రావచ్చని ముందే చెప్పారా అన్నది ముఖ్యం. అదే కోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం రోగికి తగినంత సమాచారం ఇచ్చాకే సమ్మతి తీసుకోవాలి. అందుకే అమ్మగారు సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం కాపీ అడగండి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది, ఇప్పుడే నోటీసు పంపొద్దు.