మండువాలో వాన పడే ఇల్లు

ప్రశ్న: మాది యానాం. పుట్టినప్పటి నుంచీ పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉన్నాం గానీ ఆ ఊరు ఒక్కసారీ చూడలేదు. నవంబరులో అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నాం. అమ్మకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, శాకాహారం. పాత ఇంటిని బసగా మార్చిన చోట ఆరు గదులే ఉన్నాయట, రాత్రికి 4,800 అడుగుతున్నారు. బస్టాండు దగ్గర కొత్త హోటల్లో లిఫ్టుతో సహా 2,300కే వస్తోంది. పాత గోడలకి అంత పొయ్యడం దండగ అంటున్నారు మావారు. మీరేమంటారు?

జవాబు: దండగ కాదమ్మా, పాత ఇంట్లోనే దిగండి. అయితే ఫోన్లో కొన్ని మాటలు అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. ఆ మాటలు ఎందుకు అడగాలో నాకు అనుభవమైంది.

నాలుగేళ్ల కిందట నేనూ నవంబరులోనే వెళ్లాను, మా వదినగారితో. మావారి అక్కయ్య, అప్పటికే 70 దాటాయి. మొదట దిగిన చోట కింద గది ఇస్తామని, తీరా వెళ్లాక మేడ మీద గది చూపించారు. నిటారు చెక్క మెట్లు, ఒక్కోటి జానెడు పైనే ఎత్తు. వదినగారు మూడు మెట్లెక్కి అక్కడే కూర్చుండిపోయారు. "నా వల్ల నీకెంత ఇబ్బందో చూడు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. ముందే గట్టిగా అడిగి ఉంటే ఆవిడ చేత ఆ మాట అనిపించేదాన్ని కాదు.

ఆ సాయంత్రమే కాలవ దాటి తమిళ వాడలో ఇంకో ఇంటికి మారాం. ఊరి మధ్యలో పొడుగునా ఒక కాలవ ఉంటుంది. దానికి సముద్రం వైపున్నది ఫ్రెంచి వాడ, పడమటిది తమిళ వాడ. ఫ్రెంచి వాడలో పసుపు రంగు పూసిన ఎత్తయిన ప్రహరీలు, వాటి మీంచి వేలాడే కాగితప్పూలు. ఫొటోలు తీసుకోవడానికి అందరూ అక్కడికే వెళతారు. మీ అమ్మగారికి మాత్రం తమిళ వాడే నచ్చుతుంది. ఎందుకంటే అక్కడి ఇల్లు ఆవిడకి తెలిసిన ఇల్లు.

వీధి వైపు అరుగు. వాళ్లు తిణ్ణై అంటారు. దాని మీదికి దిగిన చూరు, చెక్కిన టేకు తలుపు, తల వంచి దాటాల్సిన ద్వారబంధం, లోపల నాలుగు వైపులా స్తంభాలు, మధ్యలో ఆకాశం. మన గోదావరి జిల్లాల మండువా లోగిలే. వదినగారు గడప దాటి లోపలికి చూసి, "ఇది మా నాయనమ్మ ఇల్లే!" అన్నారు. ఆ రాత్రి వాన పట్టుకుంది. నాలుగు చూరుల నుంచీ నీళ్లు మండువాలోకి ధారలుగా పడుతుంటే ఇద్దరం ఉయ్యాల బల్ల మీద కూర్చుని పదకొండింటి దాకా చూశాం. కోనసీమలో మా అమ్మమ్మగారి లోగిలి పడగొట్టి వాటాలు వేసి ముప్పయ్యేళ్లయింది. మండువాలో వాన చప్పుడు మళ్లీ వింటానని అనుకోలేదు. ఏ లిఫ్టున్న హోటలూ నాకు అది ఇవ్వలేదు.

మీవారు అంటున్న డబ్బు సంగతి. ఆ ఇళ్ల పైకప్పు టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు ఐమూలగా నిలబెట్టి సున్నంతో అతికిన మిద్దె. మద్రాసు టెర్రస్ అంటారు. దాన్ని బాగు చెయ్యాలంటే సిమెంటు మేస్త్రీ పనికి రాడు. సున్నం పని తెలిసినవాడు కావాలి, అలాంటివాళ్లు తక్కువ. వదిలేస్తే ఏమవుతుందో ఆ ఊరికి బాగా తెలుసు. 1870ల నాటి పురపాలక భవనం, ఫ్రెంచి మాటతో దాన్ని 'మేరీ' అనేవారు, 2014 నవంబరు వానల్లో కుప్పకూలిపోయింది. తర్వాత అదే రూపంలో మళ్లీ కట్టారనుకోండి. కానీ పాత కట్టడాలని కాపాడే ఇంటాక్ సంస్థవాళ్లు పురపాలక సంఘంతో కలిసి తమిళ వాడలోని వైశ్యాళ్ వీధి అరుగుల్నీ చూరుల్నీ ఒక వరసలో నిలబెట్టారు. 2008లో దానికి యునెస్కో పురస్కారం వచ్చింది. ఉదయం ఏడింటికి, ముగ్గులు పెట్టే వేళకి, అమ్మగారిని ఆ వీధిలో నడిపించండి. ఆరు గదుల అద్దెతో ఒక పాత ఇల్లు నిలబడుతోందంటే ఆ అద్దె ఇవ్వడం నాకు ఇష్టమే.

మా ఇల్లు నాలుగు వందల ఏళ్లది అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. 1761లో ఫ్రెంచివాళ్లు లొంగిపోయాక ఇంగ్లీషువాళ్లు ఊరిని దాదాపు నేలమట్టం చేశారు. 1765లో మళ్లీ చేతికొచ్చాక పాత వీధుల గీతల మీదే తిరిగి కట్టుకున్నారు. అంతకు ముందరి ఇళ్లు అరుదు. వాటిలో 1738 నాటి ఆనందరంగ పిళ్లై ఇల్లు ఒకటి. డూప్లే ఫ్రెంచి గవర్నరుగా ఉన్నప్పుడు దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసి వ్యవహారాలు చూసేవాడిగా పనిచేసి, పాతికేళ్ల పాటు దినచర్య రాసుకున్నాయన. మనకి ఇంకో చుట్టరికం కూడా ఉంది: కస్తూరి రంగకవి పద్యాల నియమాలు చెప్పే తన తెలుగు లక్షణ గ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను ఆయనకే అంకితమిచ్చాడు. కింద అంతస్తు మన పద్ధతి చెక్క స్తంభాలు, పైన ఫ్రెంచి పద్ధతి గుండ్రటి స్తంభాలు. వీధిలోంచైనా ఒక్కసారి చూడండి.

ఇక ఫోన్లో అడగాల్సినవి. గది కిందేనా, ఆ గది నంబరు రాసి పంపుతారా? మాటిచ్చాం కదా అంటే ఒప్పుకోకండి, రాసి పంపమనండి. స్నానాలగదికి మెట్టు ఉందా? ఈ ఇళ్లలో అవి తర్వాత కట్టినవి, గొట్టాలు పోవడానికి నేల ఎత్తు చేసి ఉంటుంది. రాత్రిపూట మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఆ ఒక్క మెట్టే ప్రమాదం. ఫొటో పంపమని అడగండి. దోమతెర ఉందా? మండువా ఉన్న చోట దోమలు తప్పవు. గుమ్మం దాకా ఆటో వస్తుందా? చేపల వంటకి వేరే గిన్నెలు వాడతారా అని మొహమాటపడకుండా అడగండి. మాకు వంటావిడ ముందు రోజు రాత్రే అడిగి, పొద్దున్నే మిరియాల పొంగలి వండి పెట్టింది.

శని ఆదివారాలు వద్దు, మద్రాసు, బెంగుళూరు జనమంతా అప్పుడే వస్తారు. మండువా ఇంట్లో ఎదుటి గదివాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. సోమవారం దిగి గురువారం బయల్దేరండి. సాయంత్రాలు సముద్రం ఒడ్డు రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు, అమ్మగారు నింపాదిగా నడవొచ్చు.

ప్రశ్న: పాత ఇంటి బసల్లో గోడలు పొరలు ఊడి, చెమ్మ వాసన వేస్తుంటాయి. శుభ్రం లేదనే కదా అర్థం? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కాదండీ. సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలి, నేలలోని తేమ గోడలోకి ఎక్కుతాయి. సున్నపు గోడ ఆ తేమని బయటికి వదిలేస్తుంది, అందుకే పైపొర పొట్టులా రాలుతుంది. ఏటా మళ్లీ సున్నం కొట్టుకోవాలి. చూడ్డానికి నున్నగా ఉండాలని సిమెంటు పూసిన గోడలే నిజానికి పాడవుతాయి, తేమ లోపలే ఉండిపోయి ఇటుకని తినేస్తుంది. గోడని చూసి వెనక్కి రాకండి. పరుపు మీద అరచెయ్యి ఆనించి చూడండి, అది చెమ్మగా ఉంటే వెంటనే గది మార్చమనండి.