థెరపిస్టు దగ్గర మొహమాటం వద్దు

డిసెంబరు సెలవులకు విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఎం.వి.పి. కాలనీలో మా వీధి అమ్మాయి ఒక సాయంత్రం నన్ను బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళింది. అమెరికాలో ఎం.ఎస్. మొదటి సంవత్సరం. కురుసుర జలాంతర్గామి దాటాక మెల్లగా అడిగింది: "పిన్నీ, అక్కడ ఒకావిడ దగ్గర ఆరుసార్లు థెరపీకి వెళ్ళాను. మంచావిడే. కానీ వచ్చిన ప్రతిసారీ మనసు ఇంకా బరువెక్కుతోంది. మానేస్తే ఏమనుకుంటారో?"

ఆ మొహమాటంతోనే నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. నాన్న పోయాక పెద్దకర్మకు అందుకోలేకపోయానన్నది నా బాధ. మొదటి థెరపిస్టు ఆ మాట పక్కన పెట్టి, అమ్మకు రోజూ ఫోను చేయడం తగ్గించుకోమనేవారు. నేను తల ఊపి, డబ్బు కట్టి వచ్చేదాన్ని. తర్వాత దొరికినావిడకు తెలుగు రాదు, పెద్దకర్మ అంటే ఏమిటో తెలియదు. "ఆ రోజు మీరు అక్కడ ఉంటే ఏం చేసేవారు?" అని అడిగారు. నాన్న పోయాక మొదటిసారి అప్పుడే కడుపారా ఏడ్చాను. అందుకే తెలుగువాళ్ళే కావాలని పట్టుబట్టకండి. మీకు తెలిసినదాన్ని మీ నోట వినాలనుకునే మనిషి కావాలి.

మొదటిరోజు బరువుగా ఉండటం సహజం. మూడు నాలుగుసార్లు వెళ్ళాక కూడా మాటలు దాచుకుంటున్నారంటే, ఆ సంగతి వారితోనే చెప్పండి. వినడం వారి వృత్తి. చాలామంది మరొకరి పేరు వారే సూచిస్తారు. కొత్తవారిని ఎంచుకునే ముందు ఫోనులో పది పదిహేను నిమిషాలు ఉచితంగా మాట్లాడతారేమో అడగండి. లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర బోర్డు వెబ్‌సైటులో చూడవచ్చు. మీ ఇన్సూరెన్సు తీసుకుంటారా, ప్రతిసారీ ఎంత కట్టాలి అన్నది ముందే తేల్చుకోండి. విద్యార్థులైతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రంతో మొదలుపెట్టండి.

"ఇక్కడి డాక్టరుతోనే వీడియోలో మాట్లాడుకోనా?" అంది. సాధారణంగా మీరు కూర్చున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవారే అక్కడ థెరపీ చేయాలి. అదీగాక విశాఖలో తెల్లవారే వేళకు మీకు ముందురోజు సాయంత్రం. గుండె దడ పుట్టిన అర్ధరాత్రి అక్కడే ఎవరో ఒకరు ఉండాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం థెరపిస్టు కోసం ఆగకుండా అమెరికాలో 988కి, ఇండియాలో 14416కి వెంటనే ఫోను చేయండి.

ఇంట్లో తెలుస్తుందేమోనన్న భయం నాకు తెలుసు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తి వెక్కిరించే మాటలు వింటూ పెరిగినవాళ్ళం. పద్దెనిమిదేళ్ళు దాటిన మీ మాటలు, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా థెరపిస్టు అమ్మానాన్నలకు చెప్పకూడదు.

ఆ రాత్రి మా డాబా మీద కూర్చుని ఇద్దరం కలిసి ఈమెయిల్ రాశాం. "మీరు నా కోసం వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు. మన మాటలతో నా మనసు తేలికపడటం లేదు. మరొకరిని సూచించగలరా?" మూడు వాక్యాలే. పంపే ముందు క్షమించమని నాలుగోది చేర్చింది. నేను తీసేయించాను.