మళ్లీ చదవని సబ్జెక్టులో ఎంత నేర్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలోని ఒక స్వయంప్రతిపత్తి డిగ్రీ కళాశాల. బీఏ, బీకాం విద్యార్థుల కోసం గణాంక శాస్త్రంలో మూడు క్రెడిట్ల మల్టీ డిసిప్లినరీ కోర్సును (తమ ప్రధాన సబ్జెక్టుకు బయట తీసుకునే పరిచయ కోర్సును) రూపొందించే పని మా విభాగానికి అప్పగించారు. సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో కొందరు బీఎస్సీ మొదటి సెమిస్టర్ సిలబస్‌నే సగానికి కుదించి పెడదామన్నారు. మరికొందరు, లెక్కలంటే భయపడే పిల్లలు కనుక అందరూ గట్టెక్కేలా తేలికగా పెడదామన్నారు. ఇలాంటి కోర్సుకు ప్రమాణాన్ని దేన్నిబట్టి నిర్ణయించాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: మీ సమావేశంలో రెండు పక్షాలుగా చీలినవారు నిజానికి ఒకే కొలబద్దను పట్టుకున్నారు. ఇరుపక్షాలూ బీఎస్సీ సిలబస్‌నే ముందు పెట్టుకొని, ఒకరు దాన్ని కురచ చేయమంటున్నారు, మరొకరు పలుచన చేయమంటున్నారు. బీఎస్సీ మొదటి సెమిస్టర్ పేపరు రెండో సెమిస్టర్‌కు మెట్టు. అందులో అరకొరగా మిగిలిపోయినదాన్ని తరువాతి పేపర్లు పూరిస్తాయి. మీ బీకాం విద్యార్థికి ఆ తరువాతి మెట్టు లేదు. గణాంక శాస్త్రంలో బహుశా అతడు చదివే చివరి పేపరు ఇదే. కాబట్టి ఈ సబ్జెక్టు జోలికి మళ్లీ రాని మనిషి దీని నుంచి ఏం చేయగలిగి బయటకు వెళ్లాలి అన్న ప్రశ్నతోనే ప్రమాణం మొదలు కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక జిల్లాలో వర్షపాతం ‘సాధారణం’ అని పత్రికలో వార్త వస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో దీర్ఘకాలిక సగటు కంటే 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ వరకు కురిసిన వానంతా సాధారణమే. 20 శాతం తగ్గితేనే లోటు. ఆ దీర్ఘకాలిక సగటు అనేక సంవత్సరాల లెక్క అనీ, జిల్లా మొత్తానికి సగటు తీసినప్పుడు ఎండిపోయిన మండలం అందులో కనబడకుండా పోవచ్చుననీ గ్రహించి పది వాక్యాలలో రాయగలిగిన బీఏ విద్యార్థి మీ ప్రమాణాన్ని అందుకున్నట్టే. అలాగే వడ్డీ రేటు 4 శాతం నుంచి 6 శాతానికి చేరితే అది రెండు శాతం పెరుగుదల కాదని, యాభై శాతం పెరుగుదల అని చెప్పగలగాలి. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో కొలిచే ప్రామాణిక విచలనం సూత్రాన్ని నిరూపించలేకపోయినా నష్టం లేదు. ఒకే సగటు ఉన్న రెండు తరగతుల మార్కులలో ఏది ఎక్కువ చెదిరి ఉందో, ఎందుకో చెప్పలేకపోతేనే నష్టం. ఇది తేలిక చేయడం కాదు. సూత్రంలో అంకెలు వేసి జవాబు తేవడం కంటే ఈ పని కష్టమని తరగతి గదిలో ఒక్క వారం ప్రయత్నించినా తెలిసిపోతుంది.

ఇక పరిమాణం సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన ప్రణాళిక ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కావలసిన కనీసం 120 క్రెడిట్లలో ఈ తరహా కోర్సులకు దక్కేవి తొమ్మిదే, అంటే మూడేసి క్రెడిట్లవి మూడు కోర్సులు. ఒక క్రెడిట్‌కు సెమిస్టర్‌లో పదిహేను గంటల బోధన అనుకుంటే మీ చేతిలో ఉన్నది 45 గంటలు. పరీక్షలకు, సెలవులకు పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఐదు యూనిట్లు నింపాలన్న అలవాటు కొద్దీ సంభావ్యతా విభాజనాల దాకా లాక్కుపోతే ఏ ఒక్కటీ నిలవదు. మూడు విషయాలు ఎంచుకొని మిగిలినవి నిర్దాక్షిణ్యంగా వదిలేయండి. మన విభాగాలలో ఇది జరగకపోవడానికి కారణం విద్యార్థులు కాదు. తాను ఇష్టపడి చెప్పే పాఠాన్ని సిలబస్ నుంచి తీసేయడానికి ఏ అధ్యాపకుడికీ మనసొప్పదు.

సిలబస్ ఎంత బాగా రాసినా ప్రమాణం చివరకు ప్రశ్నపత్రంలోనే తేలుతుంది. పర్యావరణ విద్యను చూడండి. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలం. ఆ తరువాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ తయారుచేసిన ఆరు నెలల పాఠ్యక్రమంలో క్షేత్ర పర్యటన ఒక భాగం. దగ్గరలోని ఏరునో, కొండనో, కలుషితమైన చోటునో స్వయంగా చూసి రాయమన్నారు. ఉద్దేశంలో లోపమేమీ లేదు. కానీ చాలాచోట్ల ఆ పర్యటన సీనియర్ల రికార్డును చూసి రాసుకోవడంతో ముగిసింది. పరీక్షలో ఏటా తిరిగి వచ్చే ప్రశ్నలకు గైడు చాలినప్పుడు ఏరు దాకా ఎవరు వెళతారు? అందుకే సిలబస్‌కు ఆమోదం తీసుకునే సమావేశంలోనే రెండు నమూనా ప్రశ్నపత్రాలు కూడా ముందుంచండి. గైడులో దొరకని, ఆ నెల పత్రికలోని ఒక పట్టికను ఇచ్చి వ్యాఖ్యానించమనే ప్రశ్న ఒక్కటైనా తప్పనిసరిగా ఉండాలని తీర్మానంలో రాయించండి.

దిద్దేవారందరూ ఒకే తూనికతో దిద్దడం మరో చిక్కు. అమెరికా కళాశాలల సంఘం ఒకటి సాధారణ విద్య (ఏ సబ్జెక్టు వారైనా అందరూ చదవాల్సిన ఉమ్మడి కోర్సులు) కోసం తయారుచేసిన కొలమానాలలో ప్రతి నైపుణ్యాన్నీ నాలుగు స్థాయిలుగా విడగొట్టి, ఏ స్థాయి విద్యార్థి రాత ఎలా ఉంటుందో వాక్యాలలో వివరించారు. వాటిని ఎత్తి రాయనక్కరలేదు. మీ విభాగంలోని వారంతా కూర్చొని పది జవాబు పత్రాలను విడివిడిగా దిద్ది, మార్కులు పోల్చి, తేడా వచ్చినచోట ఎందుకు వచ్చిందో మాట్లాడుకొని, ఆ మాటలనే నాలుగు స్థాయిల వర్ణనగా రాసుకోండి. ఒక మధ్యాహ్నం పని.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు. నలుగురి ముందు మాట్లాడటం నేర్పే ఉపన్యాస కోర్సులో ‘డి ప్లస్’ వచ్చింది. అది ఫెయిల్ కాదట, అయినా మళ్లీ చదవాలంటున్నారు. ఇదేం పద్ధతి?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: అది కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలోని సంస్థ అయితే నియమం సరిగానే ఉందండీ. అక్కడ సాధారణ విద్యలో రాత, ఉపన్యాసం, తార్కిక విమర్శ, గణితపరమైన ఆలోచన అనే నాలుగింటిని ‘గోల్డెన్ ఫోర్’ అంటారు. వీటిలో కనీసం ‘సి మైనస్’ రావాలి. మిగతా కోర్సులన్నీ ఈ నాలుగింటి మీద ఆధారపడతాయి కాబట్టి గీత కొంచెం పైన గీశారు. అన్ని కోర్సులకూ ఒకే పాస్ మార్కు పెట్టే మన పద్ధతి కంటే ఇది ఆలోచించి చేసిన పనేనని నా అభిప్రాయం. ప్రోగ్రామ్ రాయగల కుర్రాడు అది ఏం చేస్తుందో నలుగురి ముందు నిలబడి చెప్పలేకపోతే ఉద్యోగంలో ఇబ్బంది పడేది అతడే కనుక, వచ్చే సెమిస్టర్‌లోనే ఆ కోర్సు పూర్తి చేయమనండి. ఆఖరి ఏడాదికి వాయిదా వేయనివ్వకండి.

ప్రశ్న: ఇంటర్‌లో సీఈసీ చదివాను. ఇప్పుడు డిగ్రీలో మల్టీ డిసిప్లినరీ కోర్సుగా అర్థశాస్త్రమే తీసుకుంటే సులువుగా మార్కులు వస్తాయి కదా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: వస్తాయి, అందుకే వద్దన్నారమ్మా. పన్నెండో తరగతి స్థాయిలో చదివినదాన్ని ఈ విభాగం కింద మళ్లీ ఎంచుకోకుండా చూడాలన్నది యూజీసీ నిబంధన ఉద్దేశం. కొత్తవారికి చెప్పే కోర్సులో పాతవారు కూర్చుంటే అధ్యాపకుడు ఎవరి స్థాయికి పాఠం చెప్పాలో తేల్చుకోలేడు. మీ కళాశాల జాబితాలో జీవశాస్త్రానికి, భౌతికశాస్త్రానికి సంబంధించిన పరిచయ కోర్సు ఏదైనా ఉందేమో అడిగి చూడు.